పాట నుంచి మగ్గానికి, మగ్గం నుంచి లెక్కకు, మళ్లీ పాటకు

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గడియారం ముందు గంటగంటకూ జనం గుమిగూడతారు. గంట కొట్టడానికి మూడు నిమిషాలుందనగా లోపలి తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న బుల్లి మనిషి బయటికొస్తాడు. వేళ కాగానే ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. కమ్మరిలాంటి ఇంకో బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటుంది. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ పేరు మీద 19వ శతాబ్దంలో వచ్చిన గడియారం అది. తాండూరులో రైలెక్కి నగరం చూడ్డానికి వచ్చే పక్క ఊరు యాలాల్ పిల్లలైనా, దూరదేశాల యాత్రికులైనా అక్కడ పన్నెండు గంటల వేళ కోసమే కాచుకుంటారు. దెబ్బలు ఎక్కువ వినొచ్చు కదా!

ఆ బొమ్మకు లెక్క ఎలా తెలుసు? ఏ పూట ఎన్ని దెబ్బలు కొట్టాలో చెప్పేదెవరు?

గంటలు కొట్టే పాతకాలపు గడియారాల్లో దీనికొక తేలికైన ఏర్పాటు ఉండేది. ఒక ఇత్తడి చక్రం, దాని అంచు మీద గాట్లు. మొదటి గాటుకూ రెండోదానికీ మధ్య ఎడం తక్కువ, ఆ తర్వాత ఎడం కొంచెం పెరుగుతుంది, ఇంకొంచెం పెరుగుతుంది. అంచు మీద జారుతూ ఉండే మీట గాటులో పడితే సుత్తి ఆగిపోతుంది. పడనంతసేపూ కొడుతూనే ఉంటుంది. ఒకటి నుంచి పన్నెండు దాకా కూడితే 78. పన్నెండు గంటల్లో కొట్టాల్సిన 78 దెబ్బలూ ఆ చక్రం అంచు మీద దూరాలుగా దాగి ఉంటాయి. అంకెను లోహంలో దాచిపెట్టి, వేళకు బయటికి తీయడమంటే ఇదే. కంప్యూటర్ చేసే పనిలో సగం ఇక్కడే ఉంది.

ఇలా దాచిన అంకె కూడికగానో తీసివేతగానో బయటపడటానికి చాలాముందే ధ్వనిగా బయటపడింది. లెక్కలు చేసే యంత్రం తన తొలి పాఠం వాద్యాల దగ్గర నేర్చుకుంది. ఆ బాకీని ఇవాళ్టి స్వరకర్తలు కొందరు పాటగా తీరుస్తున్నారు. పాత గణన యంత్రాల నడకను నలుగురైదుగురు వాద్యకారుల చిన్న బృందం కోసం సంగీతంగా రాస్తున్నారు. ఇది ఏదో విడ్డూరమని పక్కన పెట్టాల్సింది కాదు. వెయ్యేళ్లకు పైబడిన ఒక దారి చుట్టూ తిరిగి మొదలైన చోటికే చేరుకుంటోంది. ఆ దారిలో మనకు బాగా తెలిసిన మగ్గం ఉంది, మన తాళం లెక్కలూ ఉన్నాయి.

మేకుల రోలరు, చిల్లుల అట్ట

9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో బనూ మూసా అని ముగ్గురు సోదరులుండేవారు. నీటి బలంతో దానంతటదే వాయించుకునే వేణువు గురించి వాళ్లు వివరంగా రాశారు. అందులో కీలకం ఒక గుండ్రటి రోలరు. దాని ఒంటి నిండా మేకులు. రోలరు తిరుగుతుంటే మేకులు ఒక్కొక్కటే మీటలను తడతాయి, మీటలు వేణువు రంధ్రాలను మూస్తూ తెరుస్తూ ఉంటాయి. మేకుల స్థానాలు మారిస్తే పాట మారిపోతుంది. యంత్రం మాత్రం అదే. యంత్రం వేరు, దానికిచ్చే ఆదేశం వేరు అన్న విభజన అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ రోలరు తరవాతి శతాబ్దాల్లో యూరప్ చర్చి గంటల్లోకి, వీధుల్లో పిడి తిప్పి వాయించే ఆర్గన్లలోకి, అరచేతిలో పట్టే మ్యూజిక్ బాక్సుల్లోకి చేరింది. 1725లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో బాజిల్ బూషోన్ అనే అతను పట్టు మగ్గానికి చిల్లుల కాగితం అమర్చాడు. అతని తండ్రి ఆర్గన్లు తయారుచేసేవాడు. ఆర్గన్ రోలరు మీద మేకులు ఎక్కడ కొట్టాలో ముందు కాగితం మీద గుర్తులు పెట్టుకునేవారు. ఆ కాగితమే మగ్గానికి దారి చూపిందని చరిత్రకారులు చెబుతారు. మూడేళ్లకు ఫాల్కన్ అనే అతను కాగితం చుట్ట స్థానంలో అట్టలు తెచ్చాడు. వేణువు ఊదే మరబొమ్మతో 1738లో పారిస్‌ను అబ్బురపరిచిన వోకాన్సాన్ కూడా ఆ తర్వాత మగ్గం మీద పనిచేశాడు. వీళ్లందరి పనినీ కలిపి 1804లో జోసెఫ్ మరీ జకార్డ్ తన యంత్రాన్ని నిలబెట్టాడు.

ఆ యంత్రం తెలుగువాళ్లకు కొత్త కాదు. ధర్మవరంలో పట్టుచీర నేసే ఇంటికి వెళితే మగ్గం నెత్తిన కూర్చుని ఉంటుంది. యాలాల్ నుంచి కొడంగల్, నారాయణపేట దాటి ఇంకా దక్షిణానికి వెళ్తే గద్వాల వస్తుంది. నారాయణపేట, గద్వాల నేత ఊపిరిగా బతికిన ఊళ్లు. జకార్డు పనిచేసే తీరు దగ్గరగా చూస్తే కళ్లు తిప్పుకోలేం. చిల్లులు పొడిచిన అట్టలను దారంతో వరసగా కుట్టి దండలా వేలాడదీస్తారు. నేతగాడు కాలితో తొక్కగానే ఒక అట్ట వచ్చి సూదుల వరసకు ఆనుకుంటుంది. చిల్లు ఉన్నచోట సూది దూరిపోతుంది, దాని కొక్కెం పట్టుకున్న పడుగు పోగులు పైకి లేస్తాయి. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, ఆ పోగులు కిందే ఉండిపోతాయి. లేచిన పోగులకూ లేవని పోగులకూ మధ్య నుంచి నాడె పేకను లాక్కుంటూ దూసుకుపోతుంది. ఇంకోసారి తొక్కితే ఇంకో అట్ట. అంచులో నెమలి మెడ వంపు తిరగాలంటే అట్ట వెంట అట్ట, ఉంది లేదు, ఉంది లేదు అని చెబుతూ పోవాల్సిందే.

జకార్డు మగ్గం మీద జకార్డ్ బొమ్మనే పట్టులో నేశారు. దానికి 24,000 అట్టలు పట్టాయి. ఆ పట్టు చిత్రాన్ని ఇష్టపడి తెచ్చుకుని ఇంట్లో వేలాడదీసుకున్న ఒక లండన్ గణితవేత్త ఉన్నాడు. పేరు చార్లెస్ బాబేజ్.

పిడి తిప్పితే పట్టిక

బాబేజ్ కాలంలో ఓడలు నడిపేవారు, ఖగోళ శాస్త్రజ్ఞులు, ఇంజినీర్లు అచ్చయిన గణిత పట్టికల మీద ఆధారపడేవారు. వాటిని మనుషులే కట్టేవారు, కాబట్టి తప్పులు దొర్లేవి. ఆవిరి యంత్రం బట్ట నేస్తున్నప్పుడు పట్టికలు మాత్రం ఎందుకు కట్టకూడదని బాబేజ్ పట్టుబట్టాడు. ఆయన ఎంచుకున్న ఉపాయం భేదాల పద్ధతి. అది ఎంత తేలికంటే ఆరో తరగతి పిల్లలు కూడా చేసి చూడొచ్చు.

వర్గాలు తీసుకోండి: 1, 4, 9, 16, 25. పక్కపక్క అంకెల మధ్య తేడాలు 3, 5, 7, 9. ఆ తేడాల మధ్య తేడాలు 2, 2, 2. చివరి వరస మారదు. అంటే గుణకారం అవసరమే లేదు. 1, 3, 2 అనే మూడంకెలతో మొదలుపెట్టి, కూడుకుంటూ పోతే వర్గాల పట్టిక మొత్తం దానంతటదే వచ్చేస్తుంది. కూడికే కావాలి, కూడికను పళ్లచక్రాలు చేయగలవు. 1823 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం దీనికి డబ్బిచ్చింది. 17,000 పౌండ్లకు పైగా ఖర్చయ్యాక 1842లో చేతులెత్తేసింది. యంత్రం పూర్తి కాలేదు. 1847, 1849 మధ్య బాబేజ్ గీసుకున్న రెండో నమూనాను ఆయన ద్విశత జయంతి సందర్భంగా 1991లో లండన్ సైన్స్ మ్యూజియం కట్టి చూపించింది. అది పనిచేసింది. 31 అంకెల సంఖ్యలతో తప్పు లేకుండా లెక్కలు కట్టింది. అచ్చు యంత్రం కూడా కలిసిన మొత్తం 2002లో పూర్తయింది. సుమారు 8,000 విడిభాగాలు, 5 టన్నుల బరువు.

ఆ యంత్రంలో కళ్లప్పగించి చూడాల్సింది చేతిలెక్క. 999కి 1 కలిపితే ఏమవుతుంది? ఒకట్ల స్థానం నిండి పదులకు ఒకటి ఇస్తుంది, అది నిండి వందలకు, అది నిండి వేలకు. ఒకటి అందితేగాని రెండోది కదలదు. బాబేజ్ దీన్ని రెండు దశలుగా విడదీశాడు. చక్రం 9 దాటి సున్నాకు రాగానే ఒక చిన్న మీట పక్కకు జరిగి, ఇక్కడ చేతిలెక్క బాకీ ఉందని గుర్తు పెడుతుంది. తర్వాత యంత్రం వెనకవైపు మెలితిరిగిన వరసలో ఉన్న చేతులు ఒకదాని వెంట ఒకటి వచ్చి, గుర్తున్న చోటల్లా ఒకటి కలుపుతూ పైకి పోతాయి. వెనక నుంచి చూసేవారికి ఉక్కు, కంచు అలలు లేచిపోతున్నట్టు ఉంటుంది. ప్రతి చుట్టుకూ ఒక లయ, ఒక ఊపు, ఒక ఆగుడు.

బాబేజ్ అక్కడ ఆగలేదు. 1834 నుంచి ఇంకా పెద్ద ఆలోచనలో పడ్డాడు. ఒకే రకం లెక్కకు పరిమితం కాని యంత్రం కావాలి, ఏ లెక్క చేయాలో అట్టలు చెప్పాలి. జకార్డు మగ్గం నుంచి తీసుకున్న అట్టలే అవి. అంకెలు దాచే చోటు ఒకటి, వాటి మీద పని జరిగే చోటు ఇంకొకటి. అదే ఎనలిటికల్ ఇంజిన్. అదీ పూర్తికాకుండానే 1871లో ఆయన కన్నుమూశాడు. తాండూరు మీదుగా పోయే వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం మొదలైంది 1874లో. మన దగ్గర రైలు పెట్టె ఇంకా కదలని రోజుల్లోనే కంప్యూటర్ పూర్తి రూపురేఖలతో కాగితం మీద సిద్ధంగా ఉందన్నమాట.

ఏడా చెప్పిన మాట

ఆ కాగితాలను అందరికంటే లోతుగా చదివిన మనిషి ఏడా లవ్‌లేస్. 1815లో పుట్టింది, గణితం శ్రద్ధగా చదువుకుంది, హార్ప్ వాయించేది. ఇటలీ ఇంజినీరు మెనబ్రేయా ఎనలిటికల్ ఇంజిన్ గురించి ఫ్రెంచిలో రాసిన వ్యాసాన్ని ఆమె 1843లో ఇంగ్లిష్‌లోకి తెచ్చింది. చివర తన వివరణలు జోడించింది. అసలు వ్యాసం కంటే ఆ వివరణలే దాదాపు మూడింతలు.

అందులో మొదటి వివరణలోనే ఆమె సంగీతం ప్రస్తావన తెచ్చింది. ఈ యంత్రం అంకెల మీద పనిచేస్తుంది. అయితే అంకె దేనికైనా గుర్తుగా నిలబడొచ్చు. స్వరాల మధ్య, వాటి పొందికల మధ్య ఉండే సంబంధాలను నియమాలుగా రాయగలిగితే, యంత్రం ఎంత జటిలమైన సంగీతాన్నైనా, ఎంత పొడవైనదాన్నైనా కూర్చగలదని ఆమె భావం. చుట్టుపక్కల అందరూ దాన్ని పట్టికలు కట్టే పరికరంగా చూస్తున్నప్పుడు, అది గుర్తులను నడిపే యంత్రమని ఆమె పట్టుకుంది. దానికి ఉదాహరణగా ఎంచుకున్నది పాటను. అదే రచనలో ఆమె ఒక హద్దు కూడా గీసింది. యంత్రం తనంతట తాను దేన్నీ పుట్టించదు, మనం ఎలా చెప్పాలో తెలిసినదాన్నే చేస్తుంది. ఇప్పటి కృత్రిమ మేధ చర్చల్లో ఈ రెండు మాటలనూ విడివిడిగా వాడుకుంటున్నారు. ఆమె మాత్రం రెండింటినీ కలిపే చెప్పింది.

వర్గాలు పాడితే

ఏడా ఊహను మన స్వరాలతో ఇక్కడే చేసి చూద్దాం. వర్గాలను ఏడుతో భాగించి శేషం మాత్రం ఉంచుకుందాం. శేషం 0 వస్తే స, 1 వస్తే రి, 2 గ, 3 మ, 4 ప, 5 ద, 6 ని.

1కి శేషం 1, అంటే రి. 4కి ప. 9కి శేషం 2, గ. 16కీ 2, మళ్లీ గ. 25కి 4, ప. 36కి 1, రి. 49కి సున్నా, స. ఆ పైన 64 నుంచి ఇదే వరస తిరిగి మొదలవుతుంది, ఎంత దూరం వెళ్లినా మారదు. వచ్చింది ఇది:

రి ప గ గ ప రి స

ఏడు అక్షరాలు. మిశ్ర చాపులో మూడు, నాలుగుగా విరిచి పాడుకోవచ్చు: రి ప గ, గ ప రి స. చివరి షడ్జాన్ని పక్కనపెడితే ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. కారణం లెక్కలోనే ఉంది. ఒక అంకె వర్గానికి ఎంత శేషం వస్తుందో, ఏడులోంచి ఆ అంకెను తీసేయగా మిగిలినదాని వర్గానికీ అంతే వస్తుంది. 1కి జోడీ 6, 2కి 5, 3కి 4. ఇంకో విశేషం చూడండి. మ, ద, ని ఒక్కసారి కూడా రాలేదు. ఎన్ని కోట్ల వర్గాలు కట్టినా రావు. లెక్క తనంతట తానే నాలుగు స్వరాలను ఎంచుకుంది. మోహనంలోని రిషభ గాంధారాలు పెట్టి పాడి చూడండి, ధైవతం లేని మోహనంలా వినిపిస్తుంది. నాలుగే స్వరాలతో రాగం నిలుస్తుందా అనే సందేహం తెలుగువాళ్లకు అక్కర్లేదు. మహతి, లవంగి వంటి నాలుగు స్వరాల రాగాలను మంగళంపల్లి బాలమురళీకృష్ణ కల్పించి, పాడి నిలబెట్టారు.

మన దగ్గర ఈ చూపు పాతదే

నియమం పెట్టుకుని, దాని నుంచి పుట్టగల రూపాలన్నీ వరసగా రాయడం మన ఛందశ్శాస్త్రంలో ప్రస్తారం. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. నాలుగు మాత్రలను ఎన్ని రకాలుగా నింపొచ్చు? రెండు గురువులతో ఒక వరస; ఒక గురువు, రెండు లఘువులతో మూడు వరసలు; నాలుగు లఘువులతో ఒకటి. మొత్తం ఐదు. మాత్రలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అయితే రూపాలు 1, 2, 3, 5, 8. వెనకటి రెండింటినీ కూడితే తరవాతిది. పడమటి దేశాల్లో ఫిబొనాచీ పేరుతో ప్రసిద్ధమైన ఈ వరసను పద్యాల మాత్రలు లెక్కపెడుతూ విరహాంకుడు, తర్వాత 12వ శతాబ్దంలో హేమచంద్రుడు చెప్పారు.

17వ శతాబ్దంలో తంజావూరును తెలుగు నాయకరాజులు ఏలుతున్నప్పుడు, ఆ ఆస్థానంలో వేంకటమఖి చతుర్దండి ప్రకాశిక రాశాడు. రిషభ గాంధారాలకు 6 రకాల కూర్పులు, ధైవత నిషాదాలకు 6, మధ్యమానికి 2. ఆరు ఆర్లు ముప్పై ఆరు, రెండింతలు డెబ్బై రెండు. అందులో పంతొమ్మిదే అప్పటికి వాడుకలో ఉన్నాయి. అయినా ఖాళీ గళ్లను ఆయన వదిలేయలేదు. లెక్క చెప్పిన చోట్లకు పాట తర్వాత వచ్చి చేరింది. మేళకర్త పేరు తెలిస్తే సంఖ్య చెప్పేయొచ్చు, దానికి కటపయాది ఉంది. మేచకల్యాణిలో మే అంటే 5, చ అంటే 6, తిరగేస్తే 65. అక్షరంలో అంకెను దాచే పద్ధతిది. ఆ 72 మేళకర్తలన్నిటిలోనూ బాలమురళీకృష్ణ కృతులు రచించారు. నియమం నుంచి మొదలై రసం దాకా వెళ్లడానికి దారి ఉందని అంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

గదిలో పట్టే బృందం

ఇక చాంబర్ మ్యూజిక్ సంగతికి వద్దాం. పడమటి సంగీతంలో పెద్ద ఆర్కెస్ట్రాకు వందమంది దాకా ఉంటారు, కర్ర పట్టుకుని నడిపించే కండక్టరు ఉంటాడు. చాంబర్ బృందం చిన్నది. ఇద్దరు మొదలు పదిపన్నెండుమంది దాకా, ఒక్కో వరసకు ఒక్కో మనిషి, ఎక్కువగా కండక్టరు ఉండడు. శనివారం రాత్రి గుడి అరుగు మీద హార్మోనియం, తబలా, తాళాలతో కూర్చున్న భజన బృందాన్ని తలచుకోండి. ఎవరూ ఎవరినీ నడిపించరు, చెవులే పగ్గాలు. ఒకరు తప్పితే వెంటనే తెలిసిపోతుంది.

యంత్రాన్ని సంగీతంగా మార్చాలనుకునే స్వరకర్తకు ఈ అమరిక ఎందుకు నచ్చుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. వందమంది మోతలో ఒక్కో చక్రం వినిపించదు. నలుగురిలో వినిపిస్తుంది. ఒక వాద్యం నిండి పక్కదానికి ఒకటి అందించడం, అది ఇంకోదానికి అందించడం చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

రొమేనియాలో పెరిగిన హంగేరియన్ స్వరకర్త జ్యోర్జ్ లిగెటీకి చిన్నప్పుడు చదివిన ఒక కథ మనసులో నాటుకుపోయింది. టిక్కుటిక్కుమనే గడియారాలతో నిండిన ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక వితంతువు కథ అది. 1962లో ఆయన లయ కొట్టే పరికరాలైన మెట్రోనోములు వందకు ఒక రచన చేశాడు. అన్నిటికీ కీ ఇచ్చి వదిలేస్తే మొదట వానలాంటి హోరు పుడుతుంది. ఒక్కొక్కటే ఆగిపోతుంటే అడుగునున్న లయలు తేలతాయి. 1968లో రాసిన రెండో స్ట్రింగ్ క్వార్టెట్ మూడో భాగానికి, సూక్ష్మ యంత్రంలా వాయించమనే సూచననే పేరుగా పెట్టాడు. నాలుగు వాద్యాల తీగలనూ కమాను లేకుండా వేళ్లతో మీటుతారు. ఒకే స్వరం మీద కలిసి మొదలై, ఒక్కొక్కరు ఒక్కో వేగంలోకి జారుకుంటారు. పదమూడుమంది వాయించే చాంబర్ కన్సర్టో 1970లో పూర్తయింది. దాని మూడో భాగం మళ్లీ ఇదే యాంత్రిక నడక.

అమెరికాలో పుట్టి మెక్సికోలో స్థిరపడిన కాన్లన్ నాన్‌కారో ఇంకో దారి పట్టాడు. మనుషుల వేళ్లకు సాధ్యంకాని లయలు ఆయనకు కావాల్సి వచ్చాయి. పియానోకు చిల్లుల కాగితం చుట్ట బిగిస్తే దానంతటదే వాయించే ప్లేయర్ పియానోను ఎంచుకుని, ఆ చిల్లులను తన చేత్తో పొడిచాడు. కొన్ని నిమిషాల సంగీతానికి నెలలు పట్టేది. బూషోన్ మగ్గానికి ఎక్కించిన చిల్లుల కాగితం రెండు శతాబ్దాలకు మళ్లీ పాట దగ్గరికి చేరింది. ఆయన 21వ రచనలో ఒక వరస నెమ్మదిగా మొదలై వేగం పెంచుకుంటూ పోతుంటే, రెండోది వేగంగా మొదలై నెమ్మదిస్తూ పోతుంది. మధ్యలో ఒకచోట రెండూ కలిసి మళ్లీ విడిపోతాయి. 1987లో మూడో స్ట్రింగ్ క్వార్టెట్‌ను మనుషుల కోసం రాశాడు. నాలుగు వాద్యాలు 3, 4, 5, 6 నిష్పత్తుల వేగాల్లో ఒకే బాణీని పలుకుతాయి. తిస్ర, చతురస్ర, ఖండ గతులు చెవికెక్కిన కచేరీ శ్రోత దీన్ని పట్టుకోగలడు. మన దగ్గర మృదంగ విద్వాంసుడు ఒకదాని తర్వాత ఒకటిగా చూపించే నడకలను నాన్‌కారో ఒకేసారి పేర్చాడు.

కంప్యూటర్ కూర్చిన తొలి పెద్ద రచన కూడా చాంబర్ సంగీతమే. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో లెజారెన్ హిల్లర్, లియొనార్డ్ ఐజాక్సన్ ఇలియాక్ యంత్రానికి నియమాలిచ్చి, అది పంపిన అంకెలను నాలుగు తీగవాద్యాలకు స్వరాలుగా మార్చారు. 1957 నాటి ఇలియాక్ సూట్ అలా వచ్చింది. ఏడా ఊహకు అప్పటికి 114 ఏళ్లు.

ఆ ఊహనే నేరుగా వస్తువుగా తీసుకున్నది ఎమిలీ హోవర్డ్. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, కంప్యూటర్ శాస్త్రం చదివి స్వరకర్త అయిన ఈ ఇంగ్లండ్ సంగీతకారిణి ఏడా లవ్‌లేస్ మీద మూడు రచనలు చేసింది. రెండు ఆర్కెస్ట్రా కోసం రాసినవి. మూడోది, 2011 నాటి ఏడా స్కెచెస్, చిన్న ఒపెరా. ఒక గాయని, ఒక ఫ్లూటు, ఒక క్లారినెట్, తాళవాద్యాలు, అంతే. లెక్కలో మునిగిపోయిన మనిషి మనసును వేదిక మీదికి తేవడానికి ఆమెకు ఆ నలుగురు సరిపోయారు.

2015లో ఏడా ద్విశత జయంతికి ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ డి రూర్ ఒక ప్రశ్న వేసుకున్నాడు. ఎనలిటికల్ ఇంజిన్ నిజంగా పూర్తయి, ఏడా 36 ఏళ్లకే చనిపోకుండా ఉంటే, ఆమె ఏం కూర్చి ఉండేది? ఫిబొనాచీ వరసను ఏదో ఒక అంకెతో భాగించి, శేషాలను స్వరాలుగా వినిపించే పనిముట్టు తయారుచేశాడు. 2019లో లండన్‌లోని బార్బికన్ సెంటర్‌లో బ్రిటెన్ సిన్ఫోనియా బృందం ఎనలిటికల్ ఇంజిన్‌ను ఊహించుకుంటూ ఒక కచేరీయే చేసింది.

డి రూర్ పద్ధతిని మన ఏడు స్వరాల మీద పెట్టి చూస్తే నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. 0, 1, 1, 2, 3, 5, 8, 13 అంటూ సాగే వరసను ఏడుతో భాగిస్తే పదహారు శేషాల తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. అక్షరానికో స్వరం చొప్పున సరిగ్గా రెండు ఆదితాళ ఆవర్తనాలు:

స రి రి గ మ ద రి ని
స ని ని ద ప గ ని రి

రెండు వరసలనూ పైనా కిందా పెట్టి చూడండి. మొదటిదానిలో రి ఉన్నచోట రెండోదానిలో ని ఉంది, గ ఉన్నచోట ద, మ ఉన్నచోట ప. స మాత్రం స గానే నిలిచింది. ఒకటి ఎక్కితే ఇంకొకటి దిగుతుంది. దీన్ని ఇలా అమర్చింది ఏ విద్వాంసుడూ కాదు. పద్యంలో మాత్రలు లెక్కపెట్టిన వరస, ఏడుతో భాగహారం, అంతే.

మనిషి చేయి ఎందుకు కావాలి

అలాంటప్పుడు వాద్యకారులెందుకు, కంప్యూటరే పాడుతుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. పైన వచ్చిన పదహారు స్వరాలను ఫోన్‌లో పెట్టి వింటే కాసేపటికి చెవి అలసిపోతుంది. అదే వరస ఒక వీణ మీద, ఒక వయొలిన్ మీద పడితే, ని నుంచి రికి వెళ్లేటప్పుడు గమకం ఎలా పట్టాలో వాయించేవారు ఆలోచిస్తారు. రెండు నిషాదాలు పక్కపక్కన వచ్చినచోట మొదటిదాని మీద నిలబడాలా, రెండోదాని మీదా అని తేల్చుకుంటారు. లెక్క ఆ నిర్ణయాలేవీ చేయలేదు. వాటికి చోటు మాత్రం ఇచ్చింది.

బాబేజ్ యంత్రంలో పంటికీ పంటికీ మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా చక్రం ఇరుక్కుంటుంది, అది లెక్క కాబట్టి అలాగే ఉండాలి. నలుగురు మనుషులు కూర్చుని అదే నడకను వాయిస్తే ఆ వెంట్రుకవాసిలోనే పాట పుడుతుంది. చాంబర్ స్వరకర్తలు యంత్రం చప్పుడును అనుకరించకుండా, దాని ఆలోచనా క్రమాన్ని తీసుకుని మనుషుల చేతికివ్వడం వెనక ఉన్నది ఈ నమ్మకమే. ఏడా చెప్పిన రెండు మాటలూ ఇక్కడే కలుస్తాయి. నియమం ఎంత దూరమైనా తీసుకెళ్తుంది. ఎక్కడికి పోవాలో చెప్పాల్సింది మనమే.

మన బడుల్లో లెక్కల పీరియడు ఒక గదిలో, పాట ఉంటే గింటే ఏడాదికోసారి వార్షికోత్సవంలో. ఈ రెండూ ఒకే ఇంటివని పిల్లలకు చెప్పేవారు తక్కువ. యాలాల్, తాండూరు, వికారాబాద్ బడుల్లో ఈ పనికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక హార్మోనియం, ఒక నల్లబల్ల చాలు. వర్గాల బదులు ఘనాలు తీసుకుని పిల్లల చేత ఏడుతో భాగింపజేయండి. 1, 8, 27, 64, 125, 216, 343. శేషాలు రాయగానే రి రి ని రి ని ని స వస్తుంది. ఈసారి మూడే స్వరాలు. ఎందుకు మూడే వచ్చాయో లెక్కల మాస్టారు పిల్లల చేతే తేల్పించాలి. ఆ మూడింటితో పాట ఎలా కట్టాలో కూడా పిల్లలే తేల్చాలి. మొదటి ప్రశ్నకు ఒకటే జవాబు. రెండోదానికి తరగతిలో ఎంతమంది ఉంటే అన్ని.